ఉత్తరలో కరువు, హస్తలో వరద: ఒకే ఏడాది కర్నూలు చూసిన రెండు కష్టాలు

[దృశ్యం: ఇనప బీరువా, దగ్గరగా. పెయింటు కింద నుంచి ఇంకా కనిపిస్తున్న మట్టిరంగు గీత.]

ఈ గీత చూడండి. కర్నూలు పాతబస్తీలో మా పెద్దమ్మ వాళ్ల బీరువా ఇది. రెండుసార్లు పెయింటు వేయించారు, గీత మాత్రం పోలేదు. 2009 అక్టోబర్ 2, శుక్రవారం, గాంధీ జయంతి సెలవు. ఆ రోజు తుంగభద్ర ఇంట్లోకి వచ్చి ఇక్కడిదాకా నిలబడింది. వాళ్ల వీధి కాస్త మెరక కాబట్టి ఛాతీ లోతుతో సరిపోయింది. పల్లపు వీధుల్లో జనం మొదటి అంతస్తు వదిలి డాబాల మీదికి ఎక్కాల్సి వచ్చింది.

అదే వానాకాలంలో, అంతకు కొన్ని వారాల ముందే, రాష్ట్రంలో వందల మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఈ జిల్లాలో పల్లెలు మూటాముల్లె సర్దుకుంటున్నాయి.

ఒకే జిల్లా, ఒకే ఏడాది. ముందు చుక్క లేదు, తర్వాత ఊరే మునిగింది. ఇదెలా జరిగిందో ఈ రోజు చూద్దాం. ముందు కరువు సంగతి.

[దృశ్యం: ఎర్రనేల చేను. ఒక వేరుశనగ మొక్కను పీకుతున్న చెయ్యి.]

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని ఒక సామెత ఉంది. ఉత్తర కార్తె అంటే సెప్టెంబర్ రెండో వారం నుంచి చివరి వారం దాకా. అప్పటికీ వాన రాకపోతే ఇక ఆశ లేదు, గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదిలి పోవాల్సిందే అని దాని అర్థం. 2009లో ఆ పరిస్థితే వచ్చింది. దేశం మొత్తం మీద జూన్‌లో పడాల్సిన వానలో దాదాపు సగమే పడింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా లెక్క చూస్తే 22 శాతం లోటు.

కారణాల్లో ఒకటి చాలా దూరంలో ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గర నీళ్లు మామూలుకంటే వేడెక్కితే దాన్ని ఎల్ నినో అంటారు. ఆ వేడికి గాలుల దారులు మారి మన రుతుపవనాలు నీరసించవచ్చు. 'వచ్చు' అని ఊరికే అనడం లేదు. 1997లో బలమైన ఎల్ నినో ఉన్నా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. టీవీలో ఎల్ నినో పేరు వినగానే టెన్షన్ పడనక్కర్లేదు. కానీ 2009లో మాత్రం అది గట్టిగానే దెబ్బ కొట్టింది.

రెండో కారణం మన పక్కనే ఉంది, అది ఎప్పటికీ కదలదు. పడమటి కనుమలు. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు అక్కడే చాలావరకు ఖాళీ అయి, ఇటు దిగేసరికి తేలిపోతాయి. రాయలసీమ ఆ కొండల వాననీడలో ఉంది. విచిత్రం ఏంటంటే తుంగ, భద్ర రెండూ పుట్టేది ఆ తడి కొండల్లోనే. అంటే తుంగభద్ర పరాయి వానను మోసుకుంటూ ఎండు నేల మధ్య నుంచి వెళుతుంది. కర్నూలులో నదికి నీళ్లు రావాలంటే కర్నూలులో వాన పడాల్సిన పనే లేదు. ఇది గుర్తుంచుకోండి, వరద దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు ఈ మొక్క చూడండి. మా చిన్నాన్నది పత్తికొండ వైపు పల్లె. ఆ ఏడు జూన్‌లో దొరికిన ఒకే ఒక్క పదునుకు వేరుశనగ విత్తాడు. మా వైపు వీటిని బుడ్డలు అంటారు. వేరుశనగ పూత పైన పూస్తుంది, కాయ మాత్రం నేలలో కాస్తుంది. పువ్వు రాలాక దాని కింద నుంచి సన్నటి ఊడ ఒకటి వంగి మట్టిలోకి దిగాలి. దిగితేనే కాయ. జులై చివర్లో, సరిగ్గా ఊడలు దిగే వేళకు, వాన లేదు. ఎర్రనేల పైపొర పెంకులా బిగుసుకుపోయింది. ఊడలు నేలను తాకి అక్కడే మాడిపోయాయి.

చేను చూస్తే పచ్చగానే ఉంది. పీకితే కింద కాయలు లేవు. కరువులో నష్టం ఇలాగే ఉంటుంది, రోడ్డు మీద పోయేవాడికి కనపడదు. కెమెరాకూ కనపడదు. వరద వస్తే హెలికాప్టర్లు తిరుగుతాయి. ఊడ దిగలేదని ఎవరూ బ్రేకింగ్ న్యూస్ వేయరు.

ఆ తర్వాత జరిగేదంతా తెలిసిన వరసే. మేత లేక ఎద్దులను సంతకు తోలతారు, అందరూ ఒకేసారి తోలడంతో ధర పడిపోతుంది. బోరు ఇంకా లోతుకు దించడానికి అప్పు చేస్తారు. అదీ కాకపోతే సుగ్గి. కర్నూలు పడమటి మండలాల్లో కూలికి వలస పోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఎక్కువగా గుంటూరు వైపు మిరప కోతలకు. తల్లిదండ్రులు పోతే పిల్లలూ పోతారు, బడి రిజిస్టర్లో పేరు మాత్రం ఉంటుంది.

ఈ జిల్లా కరువు చరిత్ర చిన్నది కాదు. 1876లో మొదలైన ధాత కరువు తర్వాత చూస్తే, 1871కీ 1881కీ మధ్య జిల్లా జనాభా దాదాపు పావువంతు తగ్గిపోయింది. అప్పటికే జిల్లాలో కర్నూలు-కడప కాలువ ఉంది. కాలువ పారే చోటికీ చావులు జరిగే చోటికీ మధ్య దూరం ఉంది, అంతే.

[దృశ్యం: బల్ల మీద రెండు పళ్లేలు. రెండింటిలో ఎండిన ఎర్రమట్టి. పక్కన రెండు చెంబుల నీళ్లు, ఒక జల్లెడ.]

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. రెండు పళ్లేల్లోనూ ఒకే మట్టి, మూడు రోజులు ఎండలో పెట్టాను. రెండింటినీ ఒకవైపు కాస్త ఎత్తి పెట్టాను. రెండు చెంబుల్లోనూ ఒకే కొలత నీళ్లు.

మొదటి చెంబు జల్లెడలో పోస్తున్నాను, నిదానంగా. నాలుగు నిమిషాలు పట్టింది. మట్టి తాగేసింది. పళ్లెం అంచు దగ్గర చుక్క కూడా లేదు.

రెండో చెంబు ఒక్కసారిగా కుమ్మరిస్తున్నాను. చూడండి! నీళ్లన్నీ బల్ల మీదికి వచ్చేశాయి, ఎర్రమట్టిని కూడా పట్టుకొచ్చాయి. ఇప్పుడు వేలితో గీకితే, పైపొర కింద మట్టి ఇంకా పొడిగానే ఉంది.

[దృశ్యం: వేలి కింద పొడిమట్టి, దగ్గరగా.]

ఈ పళ్లెంలో వరదా ఉంది, కరువూ ఉంది. పోసిన నీళ్లు మాత్రం ఒకటే. అందుకే సగటు వర్షపాతం అనే అంకెను నేను పెద్దగా నమ్మను. ఏడాది చివర లెక్కలో రెండు పళ్లేలకూ ఒక చెంబు వాన పడినట్టే రాస్తారు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ తేమ కురిసినప్పుడు కుమ్మరించినట్టే కురుస్తుంది. జల్లెడ వానలు తగ్గి చెంబు వానలు పెరగడానికి ఇదొక కారణం.

ఇక వరదకు వద్దాం.

[దృశ్యం: మ్యాప్. హోస్పేట, సుంకేసుల, కర్నూలు, శ్రీశైలం.]

ఉత్తర కార్తె పోయింది, హస్త వచ్చింది. సెప్టెంబర్ చివర్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి, ఉత్తర కర్ణాటకలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజుల తరబడి కుండపోత. కొన్నిచోట్ల నెలల వాన మూడు నాలుగు రోజుల్లోనే పడింది. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, రెండూ ఒకేసారి పొంగాయి.

కర్నూలు ఎక్కడ ఉందో చూడండి. తుంగభద్రలో హంద్రీ కలిసే చోట. మామూలు రోజుల్లో హంద్రీని ఎవరూ నది అనుకోరు. అందులో నీళ్లకంటే చెత్త ఎక్కువ. ఆ రోజు తుంగభద్ర మట్టం ఎంత పెరిగిందంటే, హంద్రీ అందులో కలవలేకపోయింది. కాలువ మూత మూసేస్తే స్నానాలగది ఎలా నిండుతుందో అలా ఊళ్లోకి తన్నింది. ఎగువన సుంకేసుల దగ్గర గట్టు తెగింది. దిగువన శ్రీశైలం జలాశయం నిండి ఉబ్బుతోంది. మూడు వైపులా నీళ్లే.

క్యూసెక్కుల అంకెలు పేపర్లో రోజూ చూస్తాం, పేజీ తిప్పేస్తాం. ఒక్క లెక్క చేద్దాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ అక్టోబర్‌లో శ్రీశైలానికి వచ్చిన ప్రవాహం గరిష్ఠంగా దాదాపు 25 లక్షల క్యూసెక్కులు. భాగించండి. రోజుకు 216 టీఎంసీలు. ఇప్పటి లెక్క ప్రకారం శ్రీశైలం నిండు సామర్థ్యం సుమారు 215 టీఎంసీలు. అంటే ఆ వేగంతో 24 గంటలు వస్తే, అడుగంటిన శ్రీశైలం కూడా ఒక్క రోజులో నిండిపోతుంది. కానీ అది అప్పటికి అడుగంటి లేదు. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీళ్లు 896 అడుగులు కూడా మించాయి.

మరి ముందే ఖాళీ చేసి ఉంచొచ్చు కదా? ఆ ఏడు ఈ గొడవ బాగానే నడిచింది. ఇప్పుడు చెప్పడం తేలిక. మూడు నెలలు వాన లేక, కింద ఆయకట్టు రైతులు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడుగుతుంటే, చేతికొచ్చిన నీళ్లను సెప్టెంబర్‌లో ఎవరు సముద్రంలోకి వదులుతారు? తర్వాత వాన రాకపోతే ఆ ఇంజనీరును ఊళ్లోకి రానిస్తారా? వరద కోసం డ్యామ్ ఖాళీగా ఉండాలి, కరువు కోసం నిండుగా ఉండాలి. ఒకే గిన్నె రెండు పనులూ చెయ్యాలి. కరువు భయమే వరదను పెద్దది చేయగలదు. నా దృష్టిలో ఈ కథలో అసలు ముడి ఇదే. ఎగువన ఎంత వాన పడింది, ఎన్ని గంటల్లో దిగుతుంది అనే కబురు సమయానికి చేరితే ఈ ముడి కొంత వదులవుతుంది. రెండు రాష్ట్రాల మధ్య ఆ కబురు ఎంత వేగంగా పోతుందన్నది వేరే వీడియో అంత కథ.

[దృశ్యం: బురద నిండిన గుంట మగ్గం, బొమ్మ గీసి చూపాలి.]

నది అవతల రాజోలి. చీరలు నేసే ఊరు. గుంట మగ్గం ఎలా ఉంటుందో తెలుసుగా? నేలలో గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టి కూర్చుని నేస్తారు. ఇంట్లోకి నీళ్లొస్తే అన్నిటికంటే ముందు నిండేది ఆ గుంటే. నీళ్లు తీసాయి, గుంటలో బురద గట్టిపడింది. మగ్గం మీద సగం నేసిన చీర, పక్కన అప్పు తెచ్చి కొన్న పట్టు, రెండూ పోయాయి. నది ఒడ్డు పొలాల్లో ఇసుక మేట వేసింది. పంట పోతే ఒక పంటే పోతుంది, ఇసుక మేట వేస్తే దాన్ని ఎత్తిపోసేదాకా ఆ చేను చేను కాదు. ఉత్తర కర్ణాటకలో, మన దగ్గర కలిపి 200 మందికి పైగా చనిపోయారు.

మా పెద్దమ్మ మాత్రం ఈ రోజుకీ సర్టిఫికెట్ల గురించే చెబుతుంది. డాబా మీద తాడు కట్టి, టెన్త్ మార్కుల లిస్టు, రేషన్ కార్డు, ఇంటి దస్తావేజు, అన్నిటికీ బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసింది. సిరా కారిపోయి దస్తావేజులో తాతగారి సంతకం నీలం మరకగా మిగిలింది.

పక్కకు పోయి ఒక్క మాట. వరద అంటే పెద్ద నదే కానక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 నాటి 11.10 లక్షలకంటే ఎక్కువ. కానీ విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది ముఖ్యంగా కృష్ణ కాదు, బుడమేరు. మిగతా రోజుల్లో జనం పట్టించుకోని వాగు. హంద్రీ లాంటిదే.

[దృశ్యం: గొలుసుకట్టు చెరువుల బొమ్మ. ఒకదాని అలుగు నుంచి ఇంకోదానికి నీళ్లు.]

జల్లెడ గుర్తుందా? మన పెద్దలు దాన్ని నేల మీదే కట్టారు. వాటి పేరు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. ప్రతి చెరువూ నీటి పరుగును కాసేపు ఆపుతుంది, కింద బావుల్లోకి కొంత ఇంకిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో రాతి మీద చెక్కించారు. ఇప్పుడు మనం చెరువు చుట్టూ టైల్స్ వేసి, లైట్లు పెట్టి, వాకింగ్ ట్రాక్ అంటున్నాం. నీళ్లు వచ్చే వాగును మాత్రం ప్లాట్లు చేసి అమ్ముతున్నాం. 2009 లాంటి వరదను చెరువులు ఆపేవని చెప్పను, 25 లక్షల క్యూసెక్కుల ముందు అవి ఏపాటి? కానీ చిన్నాన్న బోరు సంగతి వేరు, దానికి చెరువులో ఇంకిన నీళ్లే దిక్కు. నది వాళ్ల ఊరికి చాలా దూరం. కర్నూలును ముంచిన నీళ్లలో ఆయన చేనుకు అందింది ఏమీ లేదు.

ఆయన చేనులో పడ్డ వానైనా అక్కరకొచ్చిందా అంటే, అదీ లేదు. ఊడ దిగని చెట్లు పోగా మిగిలిన నాలుగు కాయలు పీకి, సెప్టెంబర్ చివర్లో చేలోనే ఆరబెట్టాడు. వాన పట్టుకుంది. కాయ లోపలే గింజ మొలకెత్తింది. మేతకు ఉంచే వేరుశనగ కట్టె కుళ్లి పశువులు కూడా మూతి పెట్టలేదు.

వారం తర్వాత ఫోన్ కలిసింది. "వదినా, నీళ్లు పోయినాయా?" అని అడిగాడు చిన్నాన్న. "పోయినాయి అబ్బాయ్, బురద ఉంది. నీ బుడ్డలు ఏమైనాయి?" అంది పెద్దమ్మ. ఆయన కాసేపు మాట్లాడలేదట. ఆ జనవరిలో ఆయనా చిన్నమ్మా గుంటూరు బండెక్కారు.

[దృశ్యం: మళ్లీ బీరువా. తలుపు తెరుచుకుంటుంది. పై అరల్లో చీరలు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. అడుగు అర ఖాళీ.]