గేర్ బాక్సు కన్నా ముందు క్రౌన్ పినియన్: ఆరు సిలిండర్ల పాత కార్లకు మారు గేర్ బాక్సు ఎంపిక

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం రాజమహేంద్రవరంలో ఇక్కడ కూర్చున్నవారిలో తాతల నాటి కార్లను ఇంకా షెడ్డులో నిలుపుకున్న యజమానులు ఉన్నారు, వాటిని కదిలేలా ఉంచుతున్న మెకానిక్కులూ లేత్ పనివారూ ఉన్నారు. వీరందరి దగ్గరా తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. పాత మూడు గేర్ల బాక్సు అరిగిపోయింది, పళ్ళు దొరకడం లేదు, దాని స్థానంలో ఐదు గేర్ల బాక్సు ఏది పెట్టుకోవాలి? ఈ ప్రశ్నకు ఏదో ఒక బాక్సు పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గాని, నా అభిప్రాయంలో ఆ ప్రశ్నను వెనక ఇరుసు దగ్గర మొదలుపెట్టాలి. గేర్ బాక్సును ఒంటరిగా ఎంచుకోలేము. ఇంజను లాగుడు (టార్క్), వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ పళ్ళ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నది), కారు తిరిగే దారి, ఈ మూడూ తేలిన తరువాతే బాక్సు పేరు పలకాలి.

ఉదాహరణకు షెవ్రొలేను తీసుకుంటాను. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బొంబాయిలో కార్లు బిగించి అమ్మింది కనుక ఆ కాలపు షెవ్రొలేలు మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తాయి. 1940ల చివరి షెవ్రొలేలో 216 ఘనపు అంగుళాల, అంటే సుమారు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను ఉంటుంది. దాని శక్తి నిమిషానికి 3300 చుట్ల దగ్గర 90 హార్స్ పవర్. లాగుడు సుమారు 235 న్యూటన్ మీటర్లు, అదీ చాలా తక్కువ చుట్ల దగ్గరే అందుతుంది. మూడు గేర్ల నిష్పత్తులు, అంటే బాక్సు బయటి షాఫ్ట్ ఒక చుట్టుకు ఇంజను తిరిగే చుట్లు, 2.94, 1.68, 1.00, వెనక క్రౌన్ పినియన్ 4.11. టైరు ఒక చుట్టు తిరిగితే కారు సుమారు 2.13 మీటర్లు కదులుతుంది అనుకుందాం. అప్పుడు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజను నిమిషానికి 1930 చుట్లు, 80 దగ్గర 2570 చుట్లు, 100 దగ్గర 3200 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. ఈ ఇంజనులో కనెక్టింగ్ రాడ్ల బేరింగులు బాబిట్ అనే మెత్తని లోహంతో పోసినవి, వాటికి నూనె చిమ్మే పద్ధతిలో అందుతుంది. గంటల తరబడి మూడు వేల చుట్లు తిప్పడం వాటికి మంచిది కాదు.

ఇప్పుడు మన దారులను చూద్దాం. గోదావరి డెల్టాలో ఘాట్ రోడ్లు లేవు. ఎక్కవలసినదల్లా కాలువ గట్టు మీదికి పోయే చిన్న ఎత్తులు, లాకుల దగ్గర వంతెనలు, రావులపాలెం, సిద్ధాంతం, చించినాడ వంతెనల అప్రోచ్‌లు, అంతే. కాని కోతల కాలంలో ధాన్యం ట్రాక్టరు వెనక, మిగిలిన కాలంలో కొబ్బరి లారీ వెనక, ఇరుకు గట్టు మీద పది కిలోమీటర్ల వేగంతో చాలాసేపు నడపవలసి వస్తుంది. పాత బాక్సులో మొదటి గేరుకు సింక్రో, అంటే పళ్ళు గీరుకోకుండా వేగాలను కలిపే ఏర్పాటు, లేదు కనుక కారు కదులుతూ ఉండగా అందులోకి దించాలంటే పళ్ళు గీరుకుంటాయి. మన ప్రాంతంలో పాత బాక్సుల మొదటి గేరు పళ్ళు అంచుల్లో చిట్లిపోవడానికి ఇదే ముఖ్య కారణమని నేను భావిస్తున్నాను. కనుక మనకు మరీ బలమైన మొదటి గేరు అక్కరలేదు. సింక్రో ఉన్న మొదటి గేరు కావాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ వైపో విశాఖ వైపో వెళ్ళేవారికి దానితోపాటు ఇంజనును నెమ్మదింపజేసే ఐదో గేరు కావాలి.

కోనసీమ దాటని కారుకు మాత్రం ఐదో గేరుతో పని లేదని స్పష్టంగా చెబుతాను. అమలాపురం నుంచి రాజోలు, అక్కడి నుంచి నరసాపురం తిరిగే కారు అరవై దాటదు. దానికి పాత బాక్సునే విప్పి, బేరింగులు, రెండో గేరు సింక్రో, అరిగిన షిఫ్టర్ ఫోర్కులు మార్చి బిగించడమే ఉత్తమం. రహదారి కూడా కావాలి, బాక్సు మాత్రం ముట్టుకోవడం ఇష్టం లేదు అనేవారికి మధ్య మార్గం ఉంది. 1950 నుంచి 1954 వరకు వచ్చిన, పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ బాక్సు ఉన్న షెవ్రొలేలలో 3.55 నిష్పత్తి క్రౌన్ పినియన్ వాడారు. అది దొరికితే 80 దగ్గర ఇంజను చుట్లు 2570 నుంచి 2220కి దిగుతాయి. మొదటి గేరు కొంచెం బరువెక్కుతుంది, నిజమే. కాని మన సమతల భూమి మీద ఆ లోటు అంతగా తెలియదు. కొండ ప్రాంతంవారికి ఈ సలహా ఇవ్వను.

బాక్సు మార్చాలని నిశ్చయించుకున్నవారు షెవ్రొలే విషయంలో ఒక పెద్ద అడ్డంకిని ముందే తెలుసుకోవాలి. 1954 వరకు ఆ కార్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనిపించదు. అది ఒక గొట్టంలో దాగి ఉంటుంది. ఆ గొట్టం, అంటే టార్క్ ట్యూబ్, కేవలం మూత కాదు. చక్రాలు కారును ముందుకు నెట్టే బలమంతా దాని ద్వారానే గేర్ బాక్సు వెనక భాగానికి, అక్కడి నుంచి ఇంజను మౌంటులకు చేరుతుంది. బయటి షాఫ్ట్ పద్ధతి 1955 మోడల్ నుంచి వచ్చింది. కనుక నేటి ఐదు గేర్ల బాక్సు ఏది పెట్టినా టార్క్ ట్యూబు పోతుంది, దానితోపాటు వెనక ఇరుసు మొత్తం మారుతుంది, నెట్టుడు బలం ఇక స్ప్రింగు పట్టీల మీద పడుతుంది, గేర్ బాక్సు తోక కింద కొత్త ఆధారం కావలసి వస్తుంది. గేర్ బాక్సు ధర ఒక్కటే లెక్క వేసుకుని పని మొదలుపెట్టి, కారును సగంలో ఆపేసినవారు మనలో లేకపోలేదు.

ప్లిమత్, డాడ్జ్ వంటి క్రిస్లర్ వారి ఆరు సిలిండర్ల కార్లలో షాఫ్ట్ మొదటి నుంచీ బయటిదే కనుక పని తేలిక. వాటిలో మరొక ప్రమాదం పొంచి ఉంది. వాటి హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము వెనక చక్రాల దగ్గర కాక గేర్ బాక్సు తోక మీద ఉంటుంది. బాక్సు తీస్తే హ్యాండ్ బ్రేకూ పోతుంది. దానికి ప్రత్యామ్నాయం ఏర్పాటు చేయకుండా కారును రోడ్డెక్కించకూడదు. ఏటిగట్టు వాలు మీద నిలిపిన కారు ఏటివైపు జారితే ఏం జరుగుతుందో ఈ సభకు నేను వివరించనక్కరలేదు.

ఇక ఏ బాక్సు? ఇతర దేశాలలో ఎక్కువమంది ఎంచుకునేది బోర్గ్ వార్నర్ వారి టి-5. 1980లలో వచ్చిన ఈ ఐదు గేర్ల బాక్సు బరువు 34 కిలోల దగ్గర ఉంటుంది, ముందుకు పోయే గేర్లన్నిటికీ సింక్రో ఉంటుంది. అయితే టి-5 అన్నది ఒకే బాక్సు కాదు. మొదటి గేరు 2.95, ఐదోది 0.63 ఉన్న రకం ఒకటి, 3.35, 0.68 ఉన్న రకం ఒకటి. చిన్న పికప్‌లలో వచ్చిన 4.03, 0.86 రకం మరొకటి. అమ్మేవారు టి-5 అంటే సరిపోదు. ట్యాగు మీది నంబరు చూసి, వీలుంటే చేత్తో తిప్పి పళ్ళ లెక్క సరిచూసుకోవాలి.

ఇక్కడే క్రౌన్ పినియన్ మాట మళ్ళీ వస్తుంది. 4.03 రకం బాక్సును 4.11 ఇరుసుతో కలిపితే రెండిటినీ గుణించగా మొదటి గేరు మొత్తం నిష్పత్తి 16.6 అవుతుంది, కారు ఒక్క కుదుపుతో కదిలి, వెంటనే రెండో గేరు అడుగుతుంది. అదే బాక్సును 3.42 ఇరుసుతో కలిపితే మొదటి గేరు 13.8, ఐదో గేరు 2.94 అవుతాయి, 80 దగ్గర ఇంజను 1840 చుట్లు తిరుగుతుంది. ఇరుసు ఎలాగూ మార్చవలసిన షెవ్రొలేకు నేను సూచించే జత ఇదే. ఆ పికప్ బాక్సు గేరు రాడ్డు ముందుకు జరిగి ఉంటుంది కనుక పొడుగు సీటుకు తగలదు. 0.63 ఐదో గేరు చూసి ముచ్చటపడవద్దు. 4.11 ఇరుసుతో సైతం అది 80 దగ్గర ఇంజనును 1620కి దించుతుంది. వేగం అరవైకి తగ్గినా గేరు దించకుండా తొక్కితే బాబిట్ బేరింగుల మీద దెబ్బలు పడతాయి. ఎక్కువ చుట్లు ఎంత చేటో, తక్కువ చుట్ల మీద బరువు లాగించడమూ అంతే చేటు.

మన దగ్గర దొరికే బాక్సుల సంగతి కూడా చెప్పాలి. ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ ఐదు గేర్ల బాక్సు పెట్టుకుందామని చాలామంది అడుగుతారు. ఆ ఇంజను లాగుడు సుమారు 130 న్యూటన్ మీటర్లు; షెవ్రొలేది 235. తేలికగా తొక్కితే కొంతకాలం నడుస్తుందేమో గాని, నేను ఆ పూచీ తీసుకోను. దానికన్నా 200 న్యూటన్ మీటర్ల డీజిల్ ఇంజను వెనక పనిచేసిన పాత ఇన్నోవా బాక్సు వంటిది దగ్గరగా వస్తుంది. డీజిల్ ఇంజను కూడా తక్కువ చుట్లలోనే లాగుతుంది కనుక, పెట్రోలు కారు బాక్సు కన్నా డీజిల్ బండి బాక్సు పాత ఆరు సిలిండర్ల స్వభావానికి కుదురుతుంది. అయినా దాని మొదటి గేరు నిష్పత్తి కనుక్కుని, ఇరుసుతో గుణించి చూడకుండా కొనవద్దు. మొత్తం 12 నుంచి 14 మధ్య ఉంటే మనకు చాలు.

బిగింపులో లేత్ పనివారి పాత్ర పెద్దది. క్లచ్ ప్లేటు మధ్య పళ్ళు కొత్త బాక్సు షాఫ్టుకు, ప్రెషర్ ప్లేటు పాత ఫ్లైవీలుకు సరిపోవాలి. క్రాంకు చివర, బాక్సు షాఫ్టు కొనను పట్టే పైలట్ బుష్‌ను కొత్త కొలతకు చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త బాక్సును పాత ఇంజనుకు కలిపే అడాప్టర్ ప్లేటు బిగించిన తరువాత, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగు రంధ్రం క్రాంకు కేంద్రంతో కలిసిందో లేదో డయల్ గేజితో చూడాలి. తేడా అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు, అంటే 0.13 మిల్లీమీటరు, దాటకూడదు. దాటితే బాక్సు ఎంత మంచిదైనా ముందు బేరింగు అరుస్తుంది, టాప్ గేరు జారుతుంది. నింద బాక్సు మీద పడుతుంది. నూనె విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. వరల్డ్ క్లాస్ రకం టి-5కు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ పోయాలి. అలవాటు చొప్పున తొంభై నంబరు గేరు ఆయిలు పోస్తే సింక్రోలు పనిచేయవు.

చట్టం మాట ఒకటి. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకే అది వర్తిస్తుంది. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పు చేస్తే ఆ అర్హతకు ఎసరు వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న కారును రోజువారీ పనులకు గాని, పెళ్ళిళ్ళకు అద్దెకు గాని తిప్పకూడదు. అందుచేత ఛాసిస్‌ను గ్యాస్‌తో కోసి బాక్సును ఇరికించే పనికి నేను ఎంతమాత్రమూ ఒప్పుకోను. కొత్త ఆధారాన్ని ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించాలి. గేరు రాడ్డు కోసం నేల రేకును కోయకుండా, ఊడివచ్చే మూత ఉన్న చోట అదే కొలతకు వేరే మూత చేయించి దానికి రంధ్రం పెట్టాలి.

తీసిన పాత బాక్సును, టార్క్ ట్యూబును, ఇరుసును పాత ఇనుముకు వేయవద్దని వేడుకుంటున్నాను. మన ఉప్పుగాలిలో వట్టి ఇనుము ఒక్క వర్షాకాలానికే తుప్పు పడుతుంది. బాక్సులో కొత్త నూనె నిండుగా పోసి, రెండు వైపులా చెక్క బిళ్ళలతో మూసి, వరద నీరు చేరని ఎత్తులో పెట్టి, ఏ కారుదో, ఏ సంవత్సరం తీశారో రాసి కట్టండి. బోల్టులూ షిమ్ములూ (సందులు సరిచేసే పలుచని రేకులు) ఒక గోతంలో వేసి దానితోనే ఉంచాలి. ఇప్పుడు ప్రశ్నలకు సమయం ఉంది. ముందుగా మెకానిక్ సోదరులు అడగవలసిందిగా కోరుతున్నాను.