వాదంలో ఓడినా నమ్మకం ఎందుకు కదలదు?

[తెరపై: ఒకే గణాంకాల పట్టికను చదువుతున్న ఇద్దరు]

నమస్కారం. ఎంత పకడ్బందీగా నిర్మించినదైనా ఒక తాత్విక వ్యవస్థ, మనిషిలో ఏళ్ల తరబడి వేళ్లూనుకున్న నమ్మకాన్ని నిజంగా మార్చగలదా అన్నది ఈ వీడియోలో పరిశీలిద్దాం.

1979లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రయోగం ఒకటి ఉంది. మరణశిక్షను సమర్థించే 24 మంది విద్యార్థులకు, వ్యతిరేకించే 24 మందికి పరిశోధకులు రెండేసి అధ్యయనాలు చూపించారు. ఆ శిక్ష హత్యలను తగ్గిస్తుందని ఒకటి, తగ్గించదని మరొకటి చెప్పేలా వాటిని వారే కల్పించారు. ఇరుపక్షాలూ తమకు అనుకూలమైన దాన్ని పటిష్ఠమైనదిగా భావించి, రెండోదానిలో లోపాలు ఎత్తిచూపాయి. పైగా తమ అభిప్రాయం మరింత గట్టిపడిందని చెప్పాయి. లోపాలు పట్టడానికి వారు వాడినదీ తర్కమే, అయితే ఆ తర్కం అప్పటికే ఉన్న నమ్మకం తరఫున వకాల్తా పుచ్చుకుంది.

తత్వవేత్త హ్యూమ్ తనను పిడివాద నిద్ర నుంచి, అంటే ప్రశ్నించకుండా నమ్మే స్థితి నుంచి, మేల్కొలిపాడని 1783లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాశాడు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ తన ఆలోచనలను పరీక్షించుకోవడమే వృత్తిగా బతికిన మనిషిని అందరికీ కొలమానంగా తీసుకోలేం.

[తెరపై: మార్కస్ అరీలియస్ విగ్రహం]

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ రాసుకున్న పుస్తకం. మన అదుపులో లేనివాటికి కలత చెందకుండా వివేకంతో జీవించాలని బోధించే స్టోయిక్ సిద్ధాంతాన్ని యౌవనం నుంచే అభ్యసించిన ఆయన, కోపం గురించి, మరణం గురించి, కీర్తి గురించి అవే మాటలను తనకు తానే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు. బుద్ధి అంగీకరించిన విషయం స్వభావంలోకి ఇంకడానికి ఎంత సాధన కావాలో ఆ పునరుక్తి చూపుతోంది.

మనల్ని కలతపెట్టేవి సంఘటనలు కావు, వాటిపై మన అభిప్రాయాలేనన్న స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ బోధ, 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్ రూపొందించిన మానసిక చికిత్సకు పునాది అయింది. 1960లలో ఆరన్ బెక్ అభివృద్ధి చేసిన చికిత్సలోనూ స్టోయిక్ మూలాలు ఉన్నాయి. 'నేను దేనికీ పనికిరాను' అన్న నమ్మకానికి ఆధారాలేమిటో రోగి కాగితంపై రాస్తాడు, నిత్యజీవితంలో దాన్ని పరీక్షిస్తాడు, వారాల తరబడి అదే పని చేస్తాడు. ఇక్కడ నమ్మకాలు నిజంగానే మారుతున్నాయి.

అయితే ఆ రోగి తన నమ్మకం తనను బాధిస్తున్నందునే చికిత్సకు వచ్చాడు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను వారి నమ్మకం బాధించలేదు. మనకు గుర్తింపునూ తోటివారినీ ఇచ్చే నమ్మకం ఎవరినీ బాధించదు, కాబట్టి దానిపై ఆ కాగితం పెట్టి కూర్చోవాలన్న అవసరమే వారికి కలగదు. తత్వశాస్త్రం చేతిలో ఉన్న సాధనం బలమైనదే అయినా, ఆ అవసరాన్ని బయటి నుంచి పుట్టించే మార్గం అందులో నాకు ఇంతవరకు కనిపించలేదు.