క్వేకర్ల సంఘంలో తప్పొప్పుల విచారణ

శ్రోతలకు నమస్కారం.

1650ల నాటి ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ శాఖ క్వేకర్లది. ఆ సంఘంలో తొలి రోజుల్లో జీతానికి పనిచేసే పురోహితులు ఉండేవారు కాదు. సభల్లో చేతులెత్తి ఓటు వేయడమూ ఉండేది కాదు. మరి దారి తప్పినవాణ్ణి సరిదిద్దేదెవరు? ఈ పని కోసమే సంఘ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ 1660ల చివర్లో ఊరూరా తిరిగి నెలవారీ సభలు పెట్టించాడు.

ఒకతను అప్పు ఎగ్గొట్టాడనో, తాగి తూలుతున్నాడనో తెలిస్తే, సభ్యుల నడవడి చూసే పర్యవేక్షకులు ముందు ఇంటికెళ్లి ఏకాంతంగా మాట్లాడాల్సి ఉండేది. ఆ మెట్టు దాటకుండా విషయం సభకు తేకూడదన్నది నియమం. అతను వినకపోతే సభ ఇద్దరు ముగ్గురిని నియమించేది. ఆడవాళ్ల సంగతైతే ఆడవాళ్ల సభే తన మనుషుల్ని పంపేది. వెళ్లినవాళ్లు మరుసటి నెల సభకు చెప్పేవారు. మారతాడన్న ఆశ ఉంటే ఇంకో నెల గడువు, ఆపైన మరో నెల. సభలో జరిగింది రాసిపెట్టిన పాత మినిట్స్ పుస్తకాల్లో ఒకే పేరు నెలల తరబడి కనబడేది అందుకే.

ఒప్పుకున్నవాడు కాగితం రాసివ్వాల్సి వచ్చేది. ఏదో పొరపాటైందంటే చాలదు, చేసిన పని ఇదీ అని చెప్పి తానే ఖండించాలి. చాలాచోట్ల దాన్ని ఆరాధన ముగిశాక అందరి ముందూ చదివేవారు. ఒప్పుకోకపోతే సభ్యత్వం రద్దు. దానిపై పై స్థాయిలోని త్రైమాసిక సభకూ, అక్కణ్ణుంచి వార్షిక సభకూ అప్పీలు చేసుకునే వీలుండేది.

ఇది మన ఊళ్లలో వెలివేసి నిప్పూ నీళ్లూ ఆపడం లాంటిది కాదు. తొలగించినవాడు ఆరాధనకు రావడానికి వీలుండేది. వ్యవహారాల సభలో మాత్రం కూర్చోనిచ్చేవారు కాదు. పశ్చాత్తాపపడితే ఎన్నేళ్ల తర్వాతైనా తిరిగి చేర్చుకునేవారు.

ఈ పద్ధతి బెడిసికొట్టింది పెళ్లిళ్ల దగ్గర. జంట వరుసగా రెండు నెలలు సభలో తమ ఉద్దేశం చెప్పాల్సి ఉండేది. ఈలోగా పెద్దలు ఒప్పుకున్నారా, వేరెవరికైనా మాటిచ్చారా అని వాకబు చేసేవారు. బయటివాళ్లను చేసుకుంటే మాత్రం తొలగింపే. అమెరికా జెండా కుట్టిందని పేరున్న బెట్సీ రాస్ 1773లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చికి చెందిన) యువకుణ్ణి పెళ్లాడి సభ్యత్వం పోగొట్టుకుంది. మనసిచ్చి చేసుకున్న పెళ్లిని తప్పని రాసిమ్మంటే ఎంతమంది రాస్తారు? సంఘం చిక్కిపోవడానికి ఇదే ముఖ్య కారణమని క్వేకరే అయిన జాన్ స్టీఫెన్సన్ రౌన్‌ట్రీ 1859లో వాదించాడు. ఆ వెంటనే ఇంగ్లండులో నియమం సడలింది.

బానిసత్వాన్ని తీవ్రంగా ఎదిరించిన బెంజమిన్ లే అనే సభ్యుణ్ణి కూడా 1738లో తొలగించారు. నా దృష్టిలో అది అన్యాయం. ఇరవై ఏళ్లకు, 1758లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా వార్షిక సభ బానిసల్ని కొని అమ్మేవారిని వ్యవహారాలకు దూరం పెట్టమంది. యజమానుల ఇళ్లకు మనుషుల్ని పంపి నచ్చజెప్పించింది. 1776లో, ఎంత చెప్పినా విడిపించనివాళ్లను తొలగించమంది. విడిపించినవాళ్లు రాసిచ్చిన విముక్తి పత్రాలను నెలవారీ సభలు తమ పుస్తకాల్లో ఎక్కించి భద్రపరిచాయి.