వయసు గడిలో ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఒకే ఒక షరతు పెట్టారు. "సాహిత్యం గురించి ఏదైనా మాట్లాడండి, బీమా ఊసు మాత్రం ఎత్తకండి" అన్నారు. ముప్పై ఏళ్లు పాలసీలు అమ్మినవాణ్ణి, ఆ మాట నిలబెట్టుకోలేను. ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

టోల్కిన్ నవల లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చదివినప్పుడు యుద్ధాలు నన్ను అంతగా పట్టలేదు. చివర్లో అనుబంధాలున్నాయే, రాజుల జాబితాలు, వంశవృక్షాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, వాటి దగ్గర ఆగిపోయాను. పెన్సిలు పుచ్చుకుని వయసులు లెక్కేసుకుంటూ కూర్చుంటే మా ఆవిడ వచ్చి "ఎవరి ప్రపోజలండీ?" అని అడిగింది. ఏం చెప్పను?

టోల్కిన్ కల్పించిన మిడిల్ ఎర్త్‌లో ఒక్కో జాతికి ఒక్కో ఆయుర్దాయం. హాబిట్లతో మొదలుపెడతాను, నేను పాలసీ ఇవ్వగలిగింది వాళ్లకే. మనలో సగం ఎత్తుంటారు, తిండిపుష్టి ఎక్కువ, ఊరు దాటరు. సగానికి సగం మంది నూరేళ్లు చూస్తారు. మేజరయ్యేది 33 ఏళ్లకి. ఇరవై నుంచి ముప్పై మూడు దాకా వాళ్లు చేసే వెధవపనుల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మన ఇళ్లల్లోనూ పెళ్లయ్యే దాకా అంతేగా. వాళ్లలో టూక్ వంశం పెద్దాయన 130 ఏళ్లు బతికి పోయాడు. ఆ రికార్డు దాటాలని బిల్బో అనే హాబిట్‌కి పట్టుదల. దాటాడు కూడా, 131.

కానీ బిల్బో ఫైలు నా బల్ల మీదికొస్తే సంతకం పెట్టను. 111వ పుట్టినరోజు నాడు ఆయన యాభై ఏళ్లవాడిలా ఉన్నాడు. ఊళ్లోవాళ్లు ముందు "బాగా నిలదొక్కుకున్నాడే" అన్నారు, తర్వాత అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. కారణం జేబులో ఉన్న మాయ ఉంగరం. అది ఆయుష్షు పెంచదు, ఉన్నదాన్నే సాగదీస్తుంది. చారెడు పిండితో ఇంటిల్లిపాదికీ దోశలు పోయాలంటే ఏమవుతుంది? వెలుతురు అవతలికి కనబడేంత పల్చబడతాయి. బిల్బో తన ఒంటి గురించి చెప్పుకున్న బాధ ఇంచుమించు అదే. ఆయనకన్నా ముందు ఆ ఉంగరం దాచుకున్న గొల్లమ్ అయిదువందల ఎనభై ఏళ్లకు పైగా బతికాడు. బతికాడనే అనాలి, ఇంకో మాట లేదు.

డ్వార్ఫ్‌లు కొండల కింద గనులు తవ్వే జనం. సగటున 250 ఏళ్లు. ఇక్కడ ఒక్క మనిషిని చూపిస్తాను, డాయిన్ అని. మోరియా అనే తమ పాత నగరం గుమ్మం ముందు జరిగిన పోరులో, ఓర్క్‌లనే రాక్షసజాతి నాయకుడు అజోగ్‌ని గొడ్డలితో నరికాడు. అప్పటికి డాయిన్ వయసు 32. వాళ్ల లెక్కలో ఇంకా మీసాలు రాని కుర్రాడు. (డ్వార్ఫ్‌లకు గడ్డాలు పుట్టుకతోనే వస్తాయేమో, నా పోలిక తప్పయితే మన్నించండి.) 142 ఏళ్ల తర్వాత ఆ అజోగ్ కొడుకు బోల్గ్ సైన్యంతో వచ్చిపడితే ఎదురు నిలిచిన వాళ్లలో ఈ డాయినే ఉన్నాడు. మనకైతే అది ముత్తాతల నాటి పగ, ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో సగం ఊరికి గుర్తుండదు. డాయిన్‌కి అది తన చేత్తో చేసిన పని. చివరికి 252వ ఏట తన కోట వాకిట్లో, చనిపోయిన మిత్రరాజు శవానికి అడ్డంగా నిలబడి, గొడ్డలి వదలకుండానే పోయాడు.

బోల్గ్ వయసు కూడా చూడండి. తండ్రి పోయాక 142 ఏళ్లు బతికున్నాడంటే కనీసం ఈ ఓర్క్ మామూలు మనుషులకన్నా ఎక్కువే బతికాడన్నమాట. కథలో రచయిత నోరు విప్పి చెప్పని విషయం తేదీల్లో దొరికింది. పెన్సిలు ఊరికే పోలేదు.

ఇక ఎల్ఫ్‌లు. ముసలితనం లేదు, రోగం లేదు. పిల్లలు పూర్తిగా ఎదగడానికే యాభై ఏళ్లు, ఒక్కోసారి వందా పడుతుంది. వాళ్ల పెద్దల్లో ఒకడైన ఎల్‌రాండ్ వయసు కథాకాలానికి ఆరున్నర వేల ఏళ్లు. కత్తిపోటుకి చస్తారు, దిగులుకీ చస్తారు. చచ్చినా లోకం వదిలి వెళ్లరు. మాండోస్ అనే దేవుడి మందిరాల్లో వేచి ఉండి, అనుమతి దొరికితే మళ్లీ ఒళ్లు తొడుక్కుంటారు. గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ వీరుడు అలాగే తిరిగొచ్చాడు. క్లెయిము చెల్లించేశాక పాలసీదారు ఆఫీసుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే బ్రాంచి మేనేజరు గతి ఏమిటి?

ఈ లెక్కలు రచయితనూ వదల్లేదు. ఎల్ఫ్‌ల పెద్ద సంవత్సరం మన 144 ఏళ్లు. పుస్తకం 1954–55లో వచ్చేశాక, 1950ల చివర్లో, ఆయన ఆ 144 పెట్టి వాళ్ల గర్భకాలం, పెళ్లీడు, తరాలు అన్నీ గుణించుకుంటూ కాగితాలు నింపాడు. ఆ కాగితాలు 2021లో అచ్చయ్యాయి. భాషాశాస్త్రం చెప్పే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు చేత్తో గుణకారాలు చేసుకుంటున్నాడంటే నాకు ఆయన మీద బంధుప్రీతి పుట్టింది.

ఆయనకి నాలుగేళ్లప్పుడు తండ్రి పోయాడు, పన్నెండేళ్లప్పుడు తల్లి. 1916లో సోమ్ యుద్ధానికి వెళ్తే బడినాటి ప్రాణస్నేహితుల్లో ఇద్దరు ఆ ఏడాదే పోయారు. తన కథ అధికారం గురించి కాదు, చావు గురించీ చావకూడదనే కోరిక గురించీ అని ఉత్తరాల్లో రాసుకున్నాడు. అందుకే ఆ లోకంలో చావు అనేది మనుషులకి దేవుడిచ్చిన కానుక. ఎల్ఫ్‌లు ఈ లోకానికి కట్టుబడినవాళ్లు, మనిషి వెళ్లిపోగలడు. పెళ్లి శుభలేఖలో "చిరంజీవి" అని అచ్చేసే మనకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అశ్వత్థామని తలుచుకుంటే కొంచెం పడుతుంది.

నా అభిమాన ఘట్టం నూమెనోర్. ఎల్‌రాండ్‌కి ఎల్‌రోస్ అని కవల సోదరుడు. ఇద్దరూ ఎల్ఫ్, మనిషి కలిసిన సంతతి, ఏ జాతిలో ఉంటారో ఎంచుకోమంటే ఎల్‌రాండ్ ఎల్ఫ్‌లలో, ఎల్‌రోస్ మనుషుల్లో చేరారు. ఆ ఎల్‌రోస్ నూమెనోర్ దీవికి తొలిరాజు, మొత్తం 500 ఏళ్లు బతికాడు. అక్కడి జనానికి మామూలు మనుషులకు మూడింతల ఆయుష్షు. మొదటి రాజులు బుద్ధి మసకబారకముందే రాజదండం కొడుకు చేతికిచ్చి, పడుకుని, తమంతట తాము ప్రాణం అప్పగించేవాళ్లు. మా భాషలో సరెండర్. నా సర్వీసులో సరెండర్ ఫారం సంతోషంగా నింపినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు, అందుకే ఈ రాజులు నాకు వింతగా తోచారు.

తార్ అతానమీర్ అనే రాజు వచ్చి, నేను పోను అన్నాడు. మతి తప్పేదాకా సింహాసనం పట్టుకుని వేలాడాడు. అక్కణ్ణుంచి చావంటే భయం పెరిగింది, ఆయుష్షు తరిగింది. పోయినవాళ్లకి ఘనంగా సమాధులు కట్టారు. చివరి రాజు ఆర్ ఫరజోన్, ఆ ఉంగరం చేసిన దుష్టుడు సౌరాన్ మాట విని, చావులేని దేశాన్ని గెలుచుకుంటే చావు తప్పుతుందని నౌకలెక్కాడు. ఆ నేల ఎవర్నీ అమరుల్ని చెయ్యదు. మనిషి అక్కడికెళ్తే దీపం చుట్టూ తిరిగే పురుగులా ఇంకా తొందరగా వాడిపోతాడు. వెళ్లినవాళ్లు వెనక్కి రాలేదు. దీవి సముద్రంలో కలిసిపోయింది.

దీవి నుంచి తప్పించుకున్న ఎల్‌రోస్ వంశీయుల్లో ఎన్నో తరాల తర్వాత పుట్టినవాడు, నవల చివర్లో రాజయ్యేవాడు అరగార్న్. 210 ఏళ్లు నిండాక, ఒళ్లు ఇంకా సహకరిస్తుండగానే, రాజుల సమాధుల వీధికి నడిచివెళ్లి పడుకున్నాడు. పాత రాజుల పద్ధతే. భార్య ఆర్వెన్ ఎల్‌రాండ్ కూతురు, ఈయన కోసం మనిషి ఆయుష్షు ఎంచుకుంది. ఆయన అలా పడుకునేనాటికి ఆమెకి 2,900 ఏళ్లు. ఇంకొన్నాళ్లు ఆగమని బతిమాలింది. నూమెనోర్ జనాన్ని మూర్ఖులనుకున్నాననీ, ఇప్పుడు జాలేస్తోందనీ అంది. ఆయన ఆగలేదు.

ఆమె లోరియెన్‌కి వెళ్లింది. అమ్మమ్మ గాలాడ్రియల్ ఏలిన అడవి అది. అమ్మమ్మ ఎప్పుడో ఓడెక్కి వెళ్లిపోయింది, తాత కూడా లేడు, చెట్ల కింద మాట వినబడే మనిషి లేడు. ఆకులు రాలుతున్నా వసంతం ఇంకా రాని రోజుల్లో, పూర్వం తామిద్దరూ మాట ఇచ్చిపుచ్చుకున్న దిబ్బ మీదే పడుకుంది.