గోడ మీది నీలిరంగు

సభకు నమస్కారం.

ఈ గోడ మీద సయోధ్య బొమ్మ వేసిన ఆదివాసీ యువతీయువకులు ఇక్కడే ఉన్నారు కాబట్టి దాని అర్థం నేను చెప్పబోను. కెనడాలోని విన్నిపెగ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లం ఈ గోడ ముందు కాసేపు ఎందుకు ఆగాలో మాత్రం చెబుతాను.

ఎడమవైపు నారింజరంగు చొక్కా చూడండి. 1973లో ఆరేళ్ల ఆదివాసీ పిల్ల ఫిలిస్ వెబ్‌స్టాడ్ అలాంటి కొత్త చొక్కా తొడుక్కుని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన రెసిడెన్షియల్ బడికి వెళ్లింది. మొదటిరోజే దాన్ని లాక్కున్నారు, మళ్లీ ఇవ్వలేదు. మన ఇళ్లలో గురుకులంలో సీటు వస్తే పండగ చేసుకుంటాం. ఇక్కడ చట్టాన్ని అడ్డుపెట్టుకుని పిల్లలను కన్నవాళ్ల నుంచి విడదీశారు. ఇంటి భాష మాట్లాడితే కొట్టారు. ఆ బడుల్లో పెరిగినవాళ్లు సుమారు 1,50,000 మంది. చివరివి మూతపడింది 1990లలో, అంటే మనలో కొందరు ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో!

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఆ నీలిరంగు పట్టీ దగ్గర. అది చూస్తే నాకు నీళ్లు గుర్తొచ్చాయి. మన కుళాయి నీళ్లు 1919 నుంచి షోల్ లేక్ అనే సరస్సు నుంచే వస్తున్నాయి, సుమారు 150 కిలోమీటర్ల దూరం నుంచి. ఆ నీళ్లు తెచ్చే పనుల కోసం షోల్ లేక్ 40 అనే అనిషినాబే ఆదివాసుల ఊరి భూమి తీసుకున్నారు. తవ్విన కాలువతో ఊరు దీవిలా తెగిపోయింది. ఏడాది పొడవునా తిరగడానికి రోడ్డు వచ్చింది 2019లో. ఇంత నగరానికి నీళ్లిచ్చే ఆ ఊళ్లో 1997 నుంచి 2021 దాకా కాచనిదే నీళ్లు తాగే వీల్లేదు. మనం పప్పుచారు పెట్టుకున్నా, పూజకు కలశం నింపుకున్నా అవి ఆ సరస్సు నీళ్లే.

ఆదివాసులతో సయోధ్య అనగానే కరచాలనం బొమ్మ ఉంటుందనుకుంటాం. వీళ్లు అది వేయలేదు, మంచి పని చేశారు. ముందు తేలాల్సిన లెక్కలు ఉన్నాయి. ఆ బడులపై విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో చేయమన్న 94 పనుల్లో చివరి రెండూ మనలాంటి వలసవాళ్ల గురించే. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ చరిత్ర చెప్పాలన్నది ఒకటి, పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసులతో చేసుకున్న ఒప్పందాల ప్రస్తావన ఉండాలన్నది రెండోది. ప్రమాణం 2021లో మారింది. ఆ తర్వాత పౌరులైనవాళ్లు ఆదివాసుల ఒప్పంద హక్కుల మాటను నోరారా పలికారు. ఈ నేలకు సంబంధించిన ఒప్పందం 1871 నాటిది. దాని కింద ఒక్కో ఆదివాసీకి ఏటా ఇచ్చేది నేటికీ 5 డాలర్లే. ఒక కాఫీకి సరిపోతుందేమో.

ఫొటోలు తర్వాత దిగుదాం. ప్రశ్నలుంటే వీళ్లనే అడగండి. ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు’ అన్న మన అలవాటు ప్రశ్న ఒక్కటి మాత్రం వద్దు. మొదటి ప్రశ్న నాదే: మైనస్ 30 చలికి రంగు పెచ్చులూడకుండా దీని మీద ఏం పూశారు?