ఆ మూడో పిన్ను గురించి

వేదిక మీదున్న పెద్దలకి, మాస్టార్లకి, టీచరమ్మలకి, తల్లిదండ్రులకి, ముందు కింద కూర్చున్న గుంటలకి అందరికీ నమస్కారం. ఇంకా చాలామంది పేర్లు చెప్పాలి, చెప్పనందుకు ఏమనుకోకండి, నాటకం వేసే పిల్లలు ఇప్పటికే మేకప్ వేసుకుని ఉక్కపోతకి అల్లాడిపోతున్నారు.

నన్ను నాటకంలో లైటింగ్ గురించి మాట్లాడమన్నారు. నేను ఫిజిక్స్ చెప్పినోణ్ణి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముప్పై ఏళ్ళు స్కూలు నాటకాలకి లైట్లు పెట్టాను. గురజాడ వారి కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ఆడింది మన విజయనగరంలోనే కదా, అక్కణ్ణుంచి మొదలెట్టి, కరెంటు లేని రోజుల దీపాలు, పెట్రోమాక్స్‌లు, కలకత్తాలో నాటకాలకి లైట్లు పెట్టిన తాపస్ సేన్ గారు స్టేజి మీద బొగ్గుగనిలో నీళ్ళు నిండిపోతున్నట్టు లైట్లతో భ్రమ కలిగించడం, ఇవన్నీ రాసుకొచ్చాను. కాయితం జేబులోనే ఉంది. కానీ ఇందాక స్టేజి వెనక్కెళ్ళి కరెంటు బోర్డు చూసాను. చూసాక ఇంక ఆ కాయితం చదవబుద్ధి కావట్లేదు.

పిల్లలూ, ఒక లెక్క వెయ్యండి. ఈ స్టేజికి పెట్టినవి వెయ్యి వాట్ల హేలోజన్ లైట్లు రెండు, ఐదొందలవి నాలుగు. మొత్తం 4000 వాట్లు. 230 వోల్టులతో భాగించండి, 17 ఆంపియర్లు దాటుతుంది. ఇదంతా వెళ్తున్నది 6 ఆంపియర్ల సాకెట్‌లోంచి, ఫ్యాన్లకీ ట్యూబులైట్లకీ వేసిన వైరు మీద. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని రాగి తీగ రెండు మూడు పోగులు కలిపి చుట్టేసారు. మిగిలిన వైరు చుట్ట చుట్టి బల్ల కింద పెట్టారు, ముట్టుకుంటే వేడిగా ఉంది. పరిచి ఉంటే ఆ వేడి గాల్లోకి పోతుంది, చుట్టలో ఉంటే లోపలే మగ్గి పైన ప్లాస్టిక్ మెత్తబడిపోద్ది.

సరే, ఇదంతా సర్దుకోవచ్చు. హేలోజన్ త్రీ పిన్ను ఒకటి పీకి, మూత విప్పి చూసాను. పైన లావు పిన్ను ఉంటుంది కదా, ఎర్త్‌ది, లైటు రేకుకి తగిలిన కరెంటుని భూమిలోకి పంపేది, దాని స్క్రూ కొత్తదాన్లా మెరుస్తోంది. ఎప్పుడూ దానికి తీగ బిగించలేదు. లోపలికొచ్చినవి రెండే తీగలు.

1998 ఫిబ్రవరి, శ్రీకాకుళం జిల్లాలో ఒక స్కూలు, పేరు చెప్పను. ఇలాగే వార్షికోత్సవం. దుమ్ము లేస్తోందని సాయంత్రం స్టేజి మీద నీళ్ళు జల్లారు. రాజు వేషం తొమ్మిదో తరగతి కుర్రాడిది, చెప్పుల్లేవు కాళ్ళకి. రెండో సీన్లో వెనక్కి అడుగేస్తూ తూలి లైటు స్టాండు పట్టుకున్నాడు. హేలోజన్ వేడికి లోపల కరెంటొచ్చే ఫేజు తీగ తొడుగు కరిగి లైటు పై రేకుకి తగిలి ఉంది, ఆ రేకు నుంచి ఇనప స్టాండుకి. వాడు వణుకుతున్నాడు, నోరు తెరిచాడు గానీ మాట రావట్లేదు. జనం నటన అనుకున్నారు. చప్పట్లు కొట్టారండీ! ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. తెర లాగే తాత ఒక్కడే గ్రహించి వెదురు గెడతో స్టాండుని ఒక్క తోపు తోసాడు. పిల్లాడు బతికాడు. అరచేతిలో అడ్డంగా, స్టాండు పైపు ఎంత లావుందో అంత లావు కాలిన చార.

ఫ్యూజు ఎందుకు పోలేదు అని అడగండి నన్ను. 15 ఆంపియర్ల ఫ్యూజు 15 దాటితే గానీ కరగదు. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియర్లో పదో వంతు చాలు. ఫ్యూజు వైరుని కాపాడుతుంది, పిల్లాణ్ణి కాపాడదు. ఎర్త్ తీగ ఉండుంటే రేకుకి తగిలిన కరెంటు అటునుంచి ఒక్కసారిగా భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోయేది, పిల్లాడు ముట్టుకునే ముందే లైటు ఆరిపోయేది. అదే ఆర్‌సీసీబీ అని బోర్డులో పెట్టే కాపలా స్విచ్చు ఉంటే 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే లైను కట్ చేసేస్తుంది.

మర్నాడు లైట్లు అద్దెకిచ్చినాయన ఏమన్నాడో తెలుసా, "పిల్లాడు స్టాండెందుకు ముట్టుకున్నాడండీ" అన్నాడు. స్కూలు వాళ్ళు కూడా అదే మాట. వాళ్ళమ్మ వచ్చి నన్నడిగింది, "ఆడు ముట్టుకోకూడదని మీరైనా సెప్పలేదా బాబూ" అని. జీడిపిక్కల పనికెళ్ళే మనిషి. ఏం చెప్తాను? ఆ రోజు త్రీ పిన్నులు విప్పి చూడనిది నేను. తప్పు నాది, అద్దె లైట్లు ఇచ్చినాయనది, స్కూలుది. పిల్లాడిది ఎంత మాత్రం కాదు. స్టేజి అన్నాక పిల్లలు తూలతారు, పరిగెడతారు, దొరికింది పట్టుకుంటారు. పట్టుకున్నా ఏమీ కాకుండా చూసుకోవాల్సింది మనం.

అమ్మా, నాన్నా, మీరు రేపు ఫోన్లో వీడియో చూసుకుని మురిసిపోతారు, మురవండి, కానీ వచ్చే ఏడు పిల్లాడి డ్రెస్సు అద్దె ఎంతని అడిగినప్పుడు స్టేజికి ఎర్త్ ఉందా అని కూడా అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడితే పడనివ్వండి.

డబ్బుల్లేవంటారు. నిజమే. కానీ ఎర్త్‌కి కావాల్సింది ఒక జీఐ పైపు, అంటే జింకు పూత ఇనప పైపు, బొగ్గు, ఉప్పు, రెండున్నర మీటర్ల లోతు తక్కువ కాకుండా గొయ్యి, ఎండాకాలం మధ్యమధ్యలో నాలుగు బిందెల నీళ్ళు. స్టేజికి మెయిన్ బోర్డు నుంచి వేరే లైను, దానికో ఆర్‌సీసీబీ. హేలోజన్లు మానేసి స్టేజికి వాడే ఎల్‌ఈడీ పార్ లైట్లు పెట్టుకుంటే వాట్లు చాలా తక్కువ, అంత వేడీ ఉండదు. అప్పుడు కూడా రేకు రేకే, ఎర్త్ ఎర్తే.

హెడ్మాస్టారూ, మిమ్మల్ని నలుగురిలో ఇలా అంటున్నానని అనుకోకండి. ఈ రాత్రికి హేలోజన్లు వద్దు, ఆ స్టాండ్లు కిందకి దింపించండి, ట్యూబులైట్ల వెలుతుర్లోనే ఆడదాం, జనానికి మొహాలు కనపడితే చాలు. పిల్లలు ఇంకా పక్క తెరల దగ్గరే ఉన్నారు, ఎవరూ ఇటు రావద్దు నాన్నా. బోర్డు దగ్గరున్న తమ్ముడూ, ముందు మెయిన్ ఆపెయ్. మైకు కూడా పోద్ది, పర్లేదు, ఆపెయ్.