రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక మన స్వభావం ఏం చేస్తుంది?

[తెర మీద: బయాప్సీ రిపోర్టు, పక్కన రెండు ఖాళీ కుర్చీలు]

ఒకే స్టేజి, ఒకే చికిత్స. అయినా ఒకావిడ నెల తిరిగేసరికి కుదుటపడుతుంది, ఇంకొకావిడకు ఆరు నెలలైనా కంటిమీద కునుకుండదు. ఈ తేడా అంతా స్వభావానిదే అనలేం గానీ, కొంత మాత్రం దానిదే.

1993లో వెలువడిన ఒక అధ్యయనంలో, మనస్తత్వవేత్త చార్లెస్ కార్వర్ బృందం తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 59 మందిని ఆపరేషన్ ముందు నుంచి ఏడాదిపాటు గమనించింది. ఆశావాదులు తక్కువ కుంగిపోయారు. కారణం ఏమిటంటే, వాళ్ళు జబ్బు వచ్చిందని ఒప్పుకున్నారు, నవ్వడమూ మానలేదు. "నాకు రాలేదు" అని దులిపేసుకున్నవాళ్ళకూ, చేతులెత్తేసినవాళ్ళకూ వేదన ఎక్కువైంది. ఆశావాదం అంటే కళ్ళు మూసుకోవడం అనుకునేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

[తెర మీద: నోట్‌బుక్, పెన్ను]

చిన్నదానికీ కలత పడే స్వభావాన్ని న్యూరోటిసిజం అంటారు. వీళ్ళకు చికిత్స అయిపోయాక కూడా ప్రతి నొప్పీ "మళ్ళీ వచ్చిందా?" అనిపిస్తుంది. "ఏం కాదులే" అంటే ఆ ఊరట సాయంత్రానికి ఉండదు. డాక్టర్‌ని ఇలా అడిగి రాసుకోండి: ఏ లక్షణం, ఎన్ని రోజులుంటే, ఎవరికి ఫోన్ చేయాలి? భయం పోదు గానీ, దానికో హద్దు ఏర్పడుతుంది.

కొందరికి వివరాలన్నీ తెలిస్తేనే స్థిమితం, కొందరికి రేపటి పని ఒక్కటి తెలిస్తే చాలు. రెండోరకం మనిషి ముందు గణాంకాలు కుప్పపోస్తే బెదిరిపోతుంది. "ఈరోజు ఎంతవరకు చెప్పమంటారు?" అని ముందే అడగాలి.

[తెర మీద: '578']

"ధైర్యంగా ఉంటే క్యాన్సర్ ఓడిపోతుంది" అనే మాట మానేద్దాం. 1979లో ఒక చిన్న అధ్యయనం అలాంటి ఆశ రేపింది. కానీ 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 578 మంది అధ్యయనంలో పోరాటపటిమకూ బతికే కాలానికీ సంబంధం తేలలేదు. తీవ్రమైన నిస్సహాయత మాత్రం కొంత చెరుపు చేసినట్టు కనిపించింది. కాబట్టి ఏడ్చినందుకు ఎవరూ తప్పుపట్టుకోనక్కర్లేదు, నిరాశ వదలకపోతే మాత్రం చికిత్స కావాలి.

[తెర మీద: 0 నుంచి 10 వరకు థర్మామీటర్]

మన దృష్టి నుంచి అందరికంటే ఎక్కువగా జారిపోయేది నోరు విప్పని మనిషి. ఇంట్లోవాళ్ళు ఆ మౌనాన్ని ధైర్యం అనుకుంటారు. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అనే వస్తుంది. అందుకే అంకె అడగండి: ఈరోజుతో కలిపి గడిచిన వారంలో వేదన 0 నుంచి 10లో ఎంత? 4 గానీ, అంతకు మించి గానీ చెబితే ఆ అంకెను తర్వాతి అపాయింట్‌మెంట్‌లో ఆంకాలజిస్ట్‌కు (క్యాన్సర్ డాక్టర్‌కు) చెప్పి, కౌన్సెలర్ దగ్గరికి పంపమని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి.